క్యాంప్ 2లో ఒక చాకుకు కొత్త పిడి

దేశానికి రైలు పట్టాలు అందించే ఉక్కు నగరం పక్కన, ఒక ఇంటివారు తమ పాత చాకు మీద మూడక్షరాలు చెక్కుకొన్న వృత్తాంతం

హౌరా నుంచి ముంబయికి పోయే రైలు మార్గంలో, రాయపూర్ దాటి దుర్గ్ చేరేలోగా భిలాయి పవర్ హౌస్ అనే చిన్న స్టేషను వస్తుంది. స్టేషనుకు ఒక పక్క ఉక్కు కర్మాగారం, దాని ఉద్యోగుల కోసం అంకెల క్రమంలో కట్టిన సెక్టార్లు, వెడల్పయిన రోడ్లు, రోడ్ల వెంట చెట్లు ఉన్నాయి. రెండో పక్క పవర్ హౌస్ బజారు, దానిని ఆనుకొని క్యాంప్ 1, క్యాంప్ 2 అనే పేటలు ఉన్నాయి. పటంలో చూస్తే ఇరుపక్కలకూ నడుమ రైలు పట్టాలు మాత్రమే అడ్డు. నడిచి చూసినవారికి మాత్రం రెండూ వేర్వేరు ఊళ్ళని తోస్తుంది.

ఆ పేటల పేరులోనే వాటి పుట్టుక ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకొన్న తరువాత, ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు తీయగల కర్మాగారాన్ని కట్టడానికి వేలాది కూలీలు ఈ మైదానానికి తరలివచ్చారు. వారు తలదాచుకోవడానికి ఏర్పడిన తాత్కాలిక నివాసాలే క్యాంపులు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కట్టడం పూర్తయింది కాని కట్టినవారిలో చాలామంది తిరిగి వెళ్ళలేదు. 2000 నవంబరు 1న రాష్ట్రమే మారిపోయి, మధ్యప్రదేశ్‌లోని భిలాయి ఛత్తీస్‌గఢ్‌లో చేరింది. క్యాంప్ 2 మాత్రం క్యాంప్ 2గానే ఉండిపోయింది.

వచ్చినవారిలో చుట్టుపక్కల ఛత్తీస్‌గఢ్ పల్లెలవారితో పాటు ఒడియావారు, బీహారువారు, తెలుగువారు ఉన్నారు. తెలుగువారిలో అధికభాగం ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారే. అందుకు కారణం రైలు మార్గం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా తూర్పు కనుమలను దాటి రాయపూర్ చేరే మార్గం 1931లోనే పూర్తయింది. వానలు ముఖం చాటేసిన ఏడు శ్రీకాకుళం పల్లెలోని మనిషి మూట కట్టుకొని నౌపడలో రైలెక్కితే, విజయనగరంలో బండి మారి, మర్నాటికి ఈ మైదానంలో పలుగు పట్టుకోగలిగేవాడు. ఆ విధంగా వచ్చినవారి మనుమలు నేడు ఇక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతున్నారు. టౌన్‌షిప్‌లోని బాలాజీ ఆలయానికి వెళ్తే తెలుగు మాట చెవిన పడుతుంది. తెలుగు అక్షరం కంటబడడం మాత్రం నానాటికీ అరుదవుతున్నది.

పేరున్న ఉక్కు, పేరులేని ఉక్కు

భిలాయి ఉక్కు వంటింటికి వచ్చే ఉక్కు కాదు. ఇక్కడ తయారయ్యేవి రైలు పట్టాలు, ఓడలకూ వంతెనలకూ పనికివచ్చే మందపు పలకలు, కట్టడాలకు కావలసిన దూలాలు, కడ్డీలు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌లో భిలాయి పలకలున్నాయి. పలక బయటికి వచ్చేటప్పుడు దాని మీద కొలత ఉంటుంది, అది ఏ కొలిమి పోతకు చెందినదో తెలిపే అంకె ఉంటుంది. దానిని కాచి, కరిగించి, సాగదీసిన మనిషి పేరు ఉండదు. ఉండవలసిన అవసరమూ లేదు. అది దేశపు ఉక్కు.

పేరు కావలసింది ఇంటికి వచ్చే ఉక్కుకు. క్యాంప్ 2లోని సర్క్యులర్ మార్కెట్ వంటి బజారులో దొరికే స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు వేరే ఊళ్ళ నుంచి వచ్చినవే. గిన్నె కొన్న వెంటనే దాని మీద పేరు వేయించుకోవడం తెలుగు ఇళ్ళలో పాత ఆచారం. పెళ్ళికి ఇచ్చిన బిందె మీద ఇచ్చినవారి పేరు, తేదీ ఉంటాయి. పక్కింటికి అరువు వెళ్ళే గుండిగ దారి తప్పకుండా దాని మీద ఇంటిపేరు ఉంటుంది. ఒకప్పుడు చిన్న ఉలి, సుత్తి పట్టుకొని చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరం పూర్తిచేసేవారు. తరువాత కరెంటుతో అదిరే కలం వచ్చి ఆ పనిని నిమిషంలో ముగించింది. పద్ధతి ఏదైనా ఫలితం ఒక్కటే. అంతవరకు దుకాణంలో వందలో ఒకటిగా ఉన్న గిన్నె ఆ క్షణం నుంచి ఒక ఇంటిదవుతుంది.

లోహపు మొనకూ అక్షరానికీ ఉన్న ఈ చుట్టరికం తెలుగువారికి కొత్తది కాదు. తాటాకు గ్రంథాల కాలంలో రాయసగాని వద్ద గంటంతో పాటు చిన్న చాకు కూడా ఉండేది. చాకుతో ఆకు అంచు కోసి, గంటంతో అక్షరం గీసి, ఆ గీతలో మసి నింపితే రాత కనిపించేది. గంటమూ చాకూ ఒకే పిడిలోకి మడుచుకొనే దక్షిణాది పనిముట్లు కొన్ని మ్యూజియాలలో నేటికీ ఉన్నాయి. మడత చాకు, చెక్కిన అక్షరం, చెక్కినచోట నింపిన రంగు, ఈ మూడూ ఒక్కచోట చేరడం అప్పటికే జరిగిపోయింది.

ఇక్కడ చెప్పబోయే చాకు ఆ వంశంలో చాలా ఆలస్యంగా పుట్టింది.

అగ్గిపెట్టెలో నీలి మర

క్యాంప్ 2లో ఒక తెలుగు ఇల్లు ఉన్నది. ఇంటివారి పేరు ఇక్కడ అవసరం లేదు. తాత టెక్కలి ప్రాంతం నుంచి కర్మాగారపు మట్టిపనికి వచ్చి, చివరిదాకా కాంట్రాక్టు కూలీగానే పనిచేసి కన్నుమూశాడు. అతని వెంట వచ్చిన వస్తువులలో రెండు ఇంకా ఇంట్లో ఉన్నాయి. ఒకటి ఇత్తడి మరచెంబు. రెండోది జేబులో పట్టే మడత చాకు.

చాకు పాడయిపోయింది. అలుగు సానపట్టి సానపట్టి సగం వెడల్పుకు తగ్గింది. కొయ్య పిడి చీలి, దారంతో కట్టిన కట్టు మీద నిలిచి ఉన్నది. తాత దానితో వక్క కోసేవాడు, వేపపుల్ల చెక్కేవాడు, బీడీ కట్ట దారం తెంచేవాడు. ఆయన పోయిన తరువాత అది గూట్లో చేరింది.

మనుమడు ఐటీఐలో ఫిట్టరు పని నేర్చి, నందిని రోడ్డు వైపు ఉన్న ఒక లేతు షాపులో పనిచేస్తున్నాడు. పాత చాకుకు కొత్త పిడి వేయాలని అతనికి చాలాకాలంగా ఉన్నది. కొయ్యతో వేయవచ్చు, ఇత్తడితో వేయవచ్చు. అతని మనసు టైటానియం మీదికి పోవడానికి కారణం ఒక అగ్గిపెట్టె.

కొన్నేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో అతని తండ్రి కాలి ఎముక విరిగింది. వైద్యులు లోహపు పలక వేసి మరలతో బిగించి, ఎముక అతికిన తరువాత వాటిని తీసివేశారు. తీసిన మరలలో ఒకటి అగ్గిపెట్టెలో ఇంటికి వచ్చింది. అది నీలి రంగులో ఉన్నది. రంగు వేసిన ఇనుము ఎలా ఉంటుందో ఫిట్టరుకు తెలుసు. ఈ నీలం థిన్నరుకు పోలేదు, గోరుకు ఊడలేదు. ఆకురాయితో ఒక్కసారి గీస్తే మాత్రం గీసినచోట బూడిద రంగు లోహం బయటపడింది. ఇది రంగు కాకపోతే మరేమిటని అతను తలపగలగొట్టుకొన్నాడు.

దీనికి సమాధానం అతని వృత్తిలోనే ఉన్నది. ఉక్కు పనిముట్టుకు పదును నిలవడానికి కమ్మరి దానిని కాచి, చల్లార్చి, మళ్ళీ నెమ్మదిగా వేడిచేస్తాడు. అప్పుడు శుభ్రమైన ఉక్కు మీద రంగులు పాకుతాయి. సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గడ్డిపోచ రంగు, తరువాత గోధుమ రంగు, 280 దగ్గర ఊదా, 300 వద్ద నీలం కనిపిస్తాయి. కమ్మరికి ఆ రంగులే ఉష్ణమాపకం. అక్కడ ఎవరూ రంగు పూయలేదు. వేడికి లోహపు పైభాగం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొర కట్టింది. పడిన వెలుగులో కొంత ఆ పొర పైముఖం నుంచి, కొంత అడుగున ఉన్న లోహం నుంచి తిరిగివస్తుంది. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదానినొకటి హరించుకొంటాయి, కొన్ని బలపడతాయి. పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. వానపడిన తారురోడ్డు మీద నూనె చుక్క చూపే వన్నెలకు కారణం కూడా ఇదే.

టైటానియం మీద అదే పొరను విద్యుత్తుతో పెంచవచ్చు. దీనినే ఆనోడైజింగ్ అంటారు. అల్యూమినియానికి కూడా ఈ పని చేస్తారు గాని, అక్కడ పొరలోని సూక్ష్మరంధ్రాలలో వేరే అద్దకం నింపుతారు. టైటానియానికి అద్దకం అక్కరలేదు. విద్యుత్ పీడనం ఒక వోల్టు పెరిగితే పొర మందం సుమారు 2 నానోమీటర్లు పెరుగుతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. 10 వోల్టుల దగ్గర లేత గోధుమ వన్నె, 20 దగ్గర ఊదా, 30కి చేరువలో ముదురు నీలం, 55 ప్రాంతంలో పసిమి, 75 వద్ద గులాబి, 100 వద్ద ఆకుపచ్చ వస్తాయి. నిఖార్సయిన ఎరుపు మాత్రం ఎన్ని వోల్టులు పెట్టినా రాదు.

ఎముకలకు వేసే మరలకు ఈ రంగులు అందం కోసం ఇవ్వరు. ఏ మర ఏ కొలతదో శస్త్రచికిత్స సమయంలో చూడగానే గుర్తించడానికి ఇస్తారు. అగ్గిపెట్టెలోని నీలం ఒక కొలతకు గుర్తు. మనుమనికి అది ఒక ఆలోచనకు మొదలయింది.

ఒకే ఇసుక రేణువు

టైటానియం పేరు వినగానే విమానాలు, రాకెట్లు గుర్తుకు వస్తాయి. ఇది ఎక్కడో పుట్టిన లోహమని అనుకొంటాము. నిజానికి దీని కథ నల్లని ఇసుకతో మొదలవుతుంది. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు ఒక నల్లని ఇసుకను పరీక్షించి, అందులో ఇనుముతో పాటు కొత్త మూలకం ఏదో ఉన్నదని గుర్తించాడు. 1795లో జర్మనీ రసాయనవేత్త క్లాప్రోత్ గ్రీకు పురాణాలలోని టైటానుల పేరు దానికి పెట్టాడు. పేరు పెట్టినంత తేలికగా లోహం చేతికి రాలేదు. వేడి మీద అది ప్రాణవాయువును, నత్రజనిని పట్టుకొని వదలదు. 1940 ప్రాంతంలో లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ మెగ్నీషియం సాయంతో దానిని విడదీసే పద్ధతిని స్థిరపరచిన తరువాతనే పరిశ్రమకు అందుబాటులోకి వచ్చింది.

ఆ నల్లని ఇసుకను ఇల్మనైట్ అంటారు. ఇనుము, టైటానియం, ప్రాణవాయువు కలిసిన ఖనిజమది. ఆంధ్ర తీరంలో భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు వద్ద ఇసుకలో అది ఉన్నది. భావనపాడు టెక్కలికి దగ్గరి తీరం. తాత ఇనుము వెతుక్కొంటూ కనుమలు దాటి వచ్చాడు. అతను వదలివచ్చిన తీరంలోని ఇసుక రేణువులో ఇనుమూ ఉన్నది, మనుమడు చేతపట్టబోయే లోహమూ ఉన్నది.

ఈ లోహాన్ని భారతదేశంలో చేతికందేట్లు చేసిన కృషిలో హైదరాబాదుకు పెద్ద పాలు ఉన్నది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన పద్ధతితోనే కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల టైటానియం స్పాంజిని తీయగల కర్మాగారం నెలకొన్నది. స్పాంజి అంటే బెజ్జాలతో నిండిన ముడి టైటానియం ముద్ద. 1973లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగం టైటానియం మిశ్రలోహాలను తయారుచేస్తుంది. ఎముకలకు వేసే పరికరాలు కూడా అక్కడ తయారవుతాయి.

చాకు పిడికి ఈ లోహం బాగా నప్పుతుంది. ఉక్కు సాంద్రత నీటికి సుమారు 7.8 రెట్లయితే దీనిది 4.5 రెట్లు. చెమటకు తుప్పు పట్టదు. వేడిని త్వరగా లాగివేయదు గనుక చలికాలపు ఉదయం కూడా చేతికి ఉక్కు అంత చల్లగా తగలదు. అలుగుకు మాత్రం పనికిరాదు. పదును నిలిపే గట్టిదనం దానికి లేదు. అందువల్ల కోసే పని ఉక్కుకు, పట్టు టైటానియానికి వదలడం పనివారి పద్ధతి. 1980లలో అమెరికాకు చెందిన మైకేల్ వాకర్ మడత చాకులలో టైటానియాన్ని వాడి చూపాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి ఆ తరువాత అమెరికాకు తరలివెళ్ళిన క్రిస్ రీవ్ తన చాకుకు రెండు వైపులా టైటానియం పిడి వేసి, ఆ పిడినే అలుగు కదలకుండా పట్టే తాళంగా మలిచాడు. ఆ చాకు పేరు సెబెంజా. జులూ భాషలో ఆ మాటకు పని అని అర్థం. నేడు అనేక దేశాలలో పనివారు కొన్న చాకుల పిడులను విప్పి, వాటి మీద తమకిష్టమైన బొమ్మలు చెక్కి, రంగులెక్కించి మళ్ళీ బిగించుకొంటున్నారు. క్యాంప్ 2 యువకుడు చేసినదీ అదే పని. అతని చేతిలో ఉన్నది కొన్న చాకు కాదు, అంతే తేడా.

ఆరు బ్యాటరీలు, ఒక చెంచా సోడా

అతను తెప్పించుకొన్నది అరచేయంత టైటానియం పలక. మొదట పాత చాకును విప్పవలసి వచ్చింది. ఇలాంటి చాకులో తాళం ఉండదు. అలుగు వెనుక ఉన్న ఉక్కు బద్ద స్ప్రింగులా ఒత్తి, తెరిచినప్పుడూ మూసినప్పుడూ దానిని నిలిపి ఉంచుతుంది. మేకుల తలలు ఆకురాయితో అరగదీసి, మేకులను వెనక్కి తట్టి, అలుగును, బద్దను వేరుచేశాడు. చీలిన కొయ్య రెక్కలను కొత్త పలక మీద బిగించి, పాత రంధ్రాల గుండానే కొత్త రంధ్రాలు వేశాడు. కొలతలు తాత కాలంనాటివే ఉండాలని అతని పట్టుదల.

టైటానియాన్ని తొలిచేటప్పుడు తొందర పనికిరాదు. అది వేడిని వదలదు గనుక ఆ వేడి అంతా డ్రిల్లు మొనకే చేరి మొన మాడిపోతుంది. సన్నని రజను నిప్పంటుకొనే ప్రమాదం కూడా ఉన్నది. వేగం తగ్గించి, ద్రవం ధారాళంగా పోస్తూ, మొనను మాటిమాటికీ పైకెత్తుతూ పనిచేయాలి. రంధ్రాలయిన తరువాత ఆకురాయితో ఆకారం తీర్చి, గరుకు కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్దాడు.

రంగుల పనికి కావలసిన సామగ్రి చాలా కొద్ది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు, అందులో ఒక చెంచా వంటసోడా. నీళ్ళలో వేలాడే ఒక స్టీలు గరిటె. 9 వోల్టుల చిన్న బ్యాటరీలు. ఈ బ్యాటరీలను ఒకదాని నోటికి మరొకటి తగిలించుకొంటూ పోతే వోల్టులు కూడుతూ పోతాయి. మూడయితే 27, ఆరయితే 54. బ్యాటరీ వరుసలో ఋణ కొన గరిటెకు, ధన కొన టైటానియం రెక్కకు తగిలించాలి. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. రెక్క నీటిలో మునగగానే బుడగలు లేస్తాయి. ఒకటి రెండు క్షణాలలో రంగులు గోధుమ, ఊదా, నీలం మీదుగా పరుగెత్తి, ఆ వోల్టులకు తగిన రంగు వద్ద వాటంతటవే ఆగిపోతాయి. పొర మందమెక్కేకొద్దీ విద్యుత్తును అదే అడ్డుకొంటుంది గనుక ఇక ముందుకు పోదు.

మొదటి ప్రయత్నం చెడింది. రాగి క్లిప్పు నీటిలోకి జారడంతో విద్యుత్తు దాని దారిన పోయి రెక్కకు రంగు రాలేదు. రెండో ప్రయత్నంలో పసిమి వచ్చింది గాని మధ్యలో బొటనవేలి ముద్ర మచ్చగా నిలిచింది. కడిగిన తరువాత రెక్కను ఒట్టి చేత్తో ముట్టుకొన్నందుకు అది ఫలితం. మళ్ళీ గరుకు కాగితంతో రుద్ది, సబ్బుతో, తరువాత అసిటోనుతో కడిగి, ఈసారి అంచులు మాత్రమే పట్టుకొని ముంచాడు. ఆరు బ్యాటరీలకు రెక్క నిండా పసుపు పూసిన గడప వన్నె వచ్చింది.

ఇప్పుడు అక్షరాలు. ఇక్కడ ఈ లోహపు గుణం ఒకటి పనివానికి ఎంతో సాయపడుతుంది. ఎక్కువ వోల్టులతో ఏర్పడిన మందపు పొరను తక్కువ వోల్టులు కదిలించలేవు. అందువల్ల ముందుగా అంతటా పసుపు రప్పించి, ఆ మీద అక్షరం చెక్కాలి. చెక్కినచోట పొర తెగి వట్టి లోహం బయటపడుతుంది. ఆ రెక్కను ఈసారి మూడు బ్యాటరీలతోనే ముంచితే చెక్కిన గీత మాత్రం నీలమవుతుంది. చుట్టూ ఉన్న పసుపు చెక్కుచెదరదు. తాటాకు మీద గీసి మసి నింపినట్లే ఇదీ. అయితే ఇక్కడ నింపేది ఏమీ లేదు. గీతే తన రంగును తాను పుట్టించుకొంటుంది.

ఏమి చెక్కాలన్నది అతను ముందే అనుకొన్నాడు. తాత ఊరి పేరు, తెలుగులో. టెక్కలి పరిసరాలలో నీలి గ్రానైటు తవ్వుతారని ఎవరో చెప్పగా విని నీలి రంగు ఎంచుకొన్నాడు. చిక్కు ఒక్కటే. అతను చదివింది హిందీ బడిలో. తెలుగు మాట్లాడతాడు గాని రాయడం రాదు. అందుకోసం మరచెంబును దించాడు. దాని పొట్ట మీద తాత పేరు, కింద ఊరి పేరు చుక్కల అక్షరాలలో ఉన్నాయి. పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, వచ్చిన గుర్తులను చూసి, అదిరే కలంతో రెక్క మీద చెక్కాడు. మూడు బ్యాటరీలకు అక్షరాలు ముదురు నీలంలో తేలాయి.

రెక్కను తుడిచి తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దానిని వెలుతురుకు పట్టి చూసింది. మూడో తరగతితో చదువు ఆగినా ఆ ఊరి పేరు ఆమెకు కొండగుర్తు.

"ఏట్రా ఇది, టెకలి? ఆ ఊరెక్కడుందిరా? క వత్తేదీ?"

"చెంబు మీద లేదు, నానమ్మా."

ఆమె చెంబు అందుకొని వేలితో తడిమింది. అక్షరాల పైవరుస చుక్కలు తగిలాయి. కింద వత్తు ఉండవలసినచోట ఇత్తడి నున్నగా ఉన్నది. చెంబు పొట్ట ఉబ్బెత్తుగా ఉండి తోమే చేయి బలంగా ఒత్తేది అక్కడే. చింతపండుతోనూ బూడిదతోనూ అరవై ఏళ్ళు తోమిన చెంబు అది.

"ఉండేదిరా," అన్నది ఆమె కాసేపటికి. "నేనే తోమీసినాను."

హిందీలో జంటాక్షరాలు సాధారణంగా పక్కపక్కనే ఇమిడిపోతాయి. తెలుగులో రెండో హల్లు దిగువకు దిగి మొదటిదాని కింద కూర్చుంటుంది. ఈ సంగతి తెలియని కంటికి కింద ఏదో లోపించిందన్న అనుమానమే రాదు. రెండు తరాలలో ఒక ఊరి పేరు సగం అరగడానికి అంతకంటే పెద్ద కారణం అక్కరలేకపోయింది. ఆ ఇంట ఎవరూ దానిని పారవేయలేదు. శుభ్రంగా ఉంచుకోవాలనే తోమారు.

దిద్దుబాటు

అదృష్టవశాత్తు లోహం ఈ తప్పును క్షమించగలదు. మర్నాటి సాయంత్రం నాయనమ్మ పాత క్యాలెండరు వెనుక క కింద క వత్తు పెట్టి చూపింది. వత్తు తలకట్టు లేకుండా ఉంటుందని, అది అక్షరానికి అంటకుండా కొద్దిగా ఎడంగా ఉంటుందని చెప్పింది. యువకుడు దానిని పది పదిహేనుసార్లు కాగితం మీద రాసి, తరువాత రెక్క మీద చెక్కాడు. చెక్కిన చోట వట్టి లోహం బూడిద రంగులో మెరిసింది. మళ్ళీ సోడా నీళ్ళు, మళ్ళీ మూడు బ్యాటరీలు. కొత్త గీత క్షణంలో నీలమయింది. పాత నీలం అంతే మందం గల పొర గనుక మారలేదు, పసుపు మారలేదు. ఆరబెట్టి చూస్తే వత్తు ఏ రోజున చేరిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

బిగించడం మిగిలింది. అలుగుకూ రెక్కకూ నడుమ పల్చని కాగితం పెట్టి, ఇత్తడి మేకు తలను చిన్న సుత్తితో కొద్దికొద్దిగా తట్టి, కాగితం లాగివేస్తే ఆ సందులో అలుగు స్వేచ్ఛగా తిరుగుతుంది. అలుగును మెరుగు పెట్టలేదు. తాత సానపట్టిన వంపు అలాగే ఉన్నది. సానరాయి మీద నాలుగుసార్లు తిప్పి అంచు మాత్రం సరిచేశాడు. మడిచినప్పుడు వెనుక బద్ద టక్కున కొట్టే చప్పుడు మునుపటిదేనని నాయనమ్మ అన్నది.

ఈ రంగులు శాశ్వతం కావు. పొర ఎంత గట్టిదైనా దాని మందం వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. జేబులో తాళంచెవులకు, చిల్లరకు రాసుకొని అంచుల పసుపు కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. చేతి జిడ్డు అంటితే రంగు మారినట్లు కనిపిస్తుంది, కడిగితే తిరిగివస్తుంది. పల్లంలో ఉన్న గీతకు రాపిడి తక్కువ గనుక చెక్కిన అక్షరాల నీలం అన్నిటికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. అదీ పోయిన నాడు చాకును విప్పి మరోసారి ముంచవచ్చు. అందుకు కావలసింది మూడు బ్యాటరీలు, ఒక చెంచా సోడా, అక్షరం తెలిసిన మనిషి.

రైలు పట్టాలకు ఆవల కర్మాగారం రాత్రింబగళ్ళు పనిచేస్తూనే ఉన్నది. అక్కడి నుంచి వెళ్ళే పట్టాల మీదనే టెక్కలి వైపు రైళ్ళు కూడా పోతాయి. ఈ ఇంటివారు అక్కడికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. అక్కడ వారికి ఇల్లు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా ఆ పేరు. అది ఇప్పుడు నాయనమ్మ వక్కలు కోసుకొనే చాకు మీద సరిగ్గా ఉన్నది.

పిడికి రెండో రెక్క ఇంకా ఖాళీగా ఉన్నది. దాని మీద తాత పేరు వేయాలని ఇంటివారి ఆలోచన. ఆ పేరులో రెండు వత్తులు ఉన్నాయి. యువకుడు ప్రస్తుతం వాటిని కాగితం మీద రాసి, పనికి బయలుదేరే ముందు నాయనమ్మకు చూపించి దిద్దించుకొంటున్నాడు.